రేణువుల దెబ్బకు మిశ్రలోహాల అరుగుదల: పాఠం 4
కోణం ఎక్కడి నుంచి కొలవాలి?

రేణువుల వేగాన్ని, తగిలే కోణాన్ని బట్టి లోహం ఎంత అరుగుతుందో పోయినసారి లెక్క కట్టమన్నాను. అందులో వేగం భాగం అందరూ సరిగ్గానే చేశారు. అరుగుదల వేగపు ఘాతంతో పెరుగుతుంది; ఆ ఘాతాంకం 2.5 అయినప్పుడు వేగం 10% పెరిగితే అరుగుదల దాదాపు 27% పెరుగుతుంది. దాని జోలికి మళ్లీ పోను. జవాబులు చెడింది కోణం దగ్గర.

ఈ శాస్త్రంలో కోణాన్ని లోహం పైముఖం నుంచే కొలుస్తాం. రాసుకుంటూ పోయే రేణువుది 0, ఎదురుగా గుద్దేదానిది 90 డిగ్రీలు. ప్రవాహాన్ని లెక్కగట్టే ఫ్లో సాఫ్ట్‌వేర్లు కొన్ని, పైముఖానికి నిలువుగా ఉండే లంబం నుంచి ఇస్తాయి. వాటిలో 70 కనిపిస్తే మీ కాగితం మీద 20 రాయాలి. ఇది మరిచిపోతే పదార్థం ఎంపికే తలకిందులవుతుంది. సాగే గుణమున్న స్టీలు 20–30 డిగ్రీల దగ్గర ఎక్కువ అరుగుతుంది. పింగాణీ లాంటి పెళుసైన అల్యూమినా 90 దగ్గర. రేణువులు వాలుగా తగిలే పైపు వంపుకు అల్యూమినా టైలు సరిపోతుంది. కోణం తిరగబడిందంటే అక్కడ టైలు వద్దని, ఎదురుదెబ్బ తగిలే చోట కావాలని లెక్క చెబుతుంది. పగిలి రాలాక గానీ తప్పు బయటపడదు. ప్రతి కోణం పక్కన "పైముఖం నుంచి" అని రాసుకోండి.

ఇక గుండ్రటి ట్యూబు. చెల్పూరు, రామగుండం లాంటి బొగ్గు కేంద్రాల్లో ఇకనమైజర్ (పొగ వేడితో బాయిలర్ నీటిని వేడిచేసే భాగం) ట్యూబులకు తగిలే బూడిదలో గట్టి క్వార్ట్జ్ ఉంటుంది. రేణువులు తిన్నగా వస్తాయనుకుంటే, ట్యూబు ముందు బిందువు (ప్రవాహానికి సరిగ్గా ఎదురుగా ఉండే చోటు) నుంచి 70 డిగ్రీలు పక్కకు జరిగిన చోట తగిలే కోణం 20. ఎక్కువ అరిగేది అక్కడే అని చాలామంది రాశారు. కాదు. పక్కకు పోయినకొద్దీ చదరపు మిల్లీమీటరుకు పడే బూడిద తగ్గుతుంది. తగిలే కోణపు సైనుతో గుణించాలి. 20 దగ్గర సైను 0.34 మాత్రమే.

గ్రాము బూడిదకు అరుగుదల 90 వద్ద 1, 45 వద్ద 1.6, 20 వద్ద 2 అనుకోండి. సైనుతో గుణిస్తే వరుసగా 1, 1.13, 0.68. అసలు దెబ్బ 45 డిగ్రీల దగ్గర పడుతుంది. అందుకే ట్యూబు గోడ మందం కొలిచే థిక్‌నెస్ గేజ్‌ను ముందు బిందువు మీదే పెట్టి ఊరుకోవద్దు. రెండు వైపులా 15 డిగ్రీలకొకటి చొప్పున కొలవండి.

క్వెంచ్ చేసి (బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి) గట్టిపరిస్తే స్టీలు బాగా తట్టుకుంటుందని కొందరు రాశారు. ఈ రకం అరుగుదలలో హీట్ ట్రీట్‌మెంట్‌తో పెరిగిన గట్టిదనం పెద్దగా పనిచేయదు. ఆ లైను కొట్టేయండి.

అభ్యాసం: 60 డిగ్రీల వద్ద 1.3, 30 వద్ద 2 తీసుకుని, పై మూడు కోణాలతో కలిపి ఒక పట్టిక వేయండి. వేగం 20% పెంచి మళ్లీ చేయండి. రెండు పట్టికల్లో గరిష్ఠ అరుగుదల ఉన్న చోటు మారిందా, ఎందుకు అన్నది రాయండి.