ఏపీఐ పాలసీ రాయడం నేర్చుకుందాం – 5: బయటి యాప్‌లో యాడ్ ఎవరిది?

పోయిన భాగంలో రేట్ లిమిట్ల సంగతి, అంటే బయటి యాప్ ఎన్నిసార్లు డేటా అడగొచ్చో చెప్పే హద్దుల సంగతి చూశాం. ఈసారి డబ్బు దగ్గరికి వద్దాం.

మన సోషల్ ప్లాట్‌ఫామ్‌లోని పోస్టులను ఏపీఐ (మన సర్వర్‌ను బయటి యాప్ డేటా అడిగే దారి) ద్వారా తీసుకుని ఒక బయటి డెవలపర్ తన యాప్‌లో చూపిస్తున్నాడు. సర్వర్ ఖర్చు మనది, తెర అతనిది. ఆ తెర మీద యాడ్ ఎవరు పెట్టాలి? పాలసీ రాసేవాళ్లు చాలామంది ఈ ప్రశ్నను తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు. తీరా యాప్ పెద్దదయ్యాక గొడవ మొదలవుతుంది.

ట్విట్టర్ 2010 ఏప్రిల్‌లో ప్రమోటెడ్ ట్వీట్లు, అంటే డబ్బు తీసుకుని చూపే ట్వీట్లు తెచ్చింది. మే నెలకల్లా రూలు వచ్చేసింది: బయటి యాప్‌లు డబ్బు తీసుకుని టైమ్‌లైన్ మధ్యలో ట్వీట్లు చొప్పించకూడదు, దాని చుట్టూ యాడ్‌లు పెట్టుకోవచ్చు. ఈ గీత నాకు నచ్చుతుంది. పోస్టుల వరుస ప్లాట్‌ఫామ్‌ది, అంచులు యాప్‌వి. చదివేవాడికి కూడా ఏది ఎవరిదో తెలుస్తుంది. అయితే 2023 జనవరిలో ట్విట్టర్ తన పోస్టులు చూపించే బయటి యాప్‌లనే ఆపేసింది, అది వేరే కథ.

రెడిట్ దారి మనకు ఇంకా పనికొచ్చే పాఠం. దాని ఏపీఐలో యాడ్‌లు వచ్చేవే కావు. అంటే రెడిట్ చదవడానికి బయటివాళ్లు చేసిన అపోలో లాంటి యాప్ వాడేవాళ్లకు రెడిట్ యాడ్ ఒక్కటీ కనబడేది కాదు. 2023లో రెడిట్ ఇలాంటి యాప్‌లను వెయ్యి కాల్స్‌కు (యాప్ సర్వర్‌ను డేటా అడిగే ప్రతిసారీ ఒక కాల్) 0.24 డాలర్లు అడిగింది. అపోలో డెవలపర్ క్రిస్టియన్ సెలిగ్ చెప్పిన ప్రకారం తన యూజర్ సగటున రోజుకు 344 కాల్స్ వాడేవాడు. గుణించండి: నెలకు 10,320 కాల్స్, సుమారు 2.48 డాలర్లు. ధర బయటపడింది మే 31న, అమలు జూలై 1 నుంచి. అప్పటికే ఏడాది చందా కట్టినవాళ్ల దగ్గర మళ్లీ ఎలా వసూలు చేస్తాడు? జూన్ 30న యాప్ మూసేశాడు.

ఇప్పుడు మన లెక్క. ఒక యూజర్ రోజుకు 20 యాడ్‌లు చూస్తాడని, వెయ్యి యాడ్‌లకు 2 డాలర్లు వస్తాయని అనుకుందాం. నెలకు 600 యాడ్‌లు, 1.20 డాలర్లు. ఆ యూజర్ బయటి యాప్‌కు వెళ్లిపోతే మనకు పోయేది అంతే. దానికి రెట్టింపు ఫీజు అడిగితే, నష్టం పూడ్చుకుంటున్నామంటే ఎవరూ నమ్మరు, పొమ్మనలేక పొగ పెడుతున్నారంటారు. కాబట్టి ధర రాసేముందు ఈ గుణకారం చేయండి.

నా మాట అడిగితే, ఫీజు కన్నా యాడ్‌నే ఫీడ్‌లో కలిపి పంపడం మేలు, వచ్చినదాంట్లో యాప్‌కు వాటా ఇవ్వాలి. క్లాజ్ ఇలా ఉండొచ్చు:

“ప్రమోటెడ్ గుర్తున్న పోస్టును యాప్ అదే వరుసలో, అదే గుర్తుతో చూపాలి. అది తెర మీదికి వచ్చాకే, చూపించినట్టు ప్లాట్‌ఫామ్‌కు లెక్క పంపాలి.”

చిక్కంతా రెండో వాక్యంలోనే ఉంది. వాటా వచ్చేది లెక్కను బట్టే కాబట్టి, చూపని యాడ్‌ను చూపించినట్టు పంపాలన్న ఆశ పుడుతుంది. “తెర మీదికి రావడం” అంటే ఏమిటో ముందే రాసేయండి. మామూలు డిస్‌ప్లే యాడ్‌కు పరిశ్రమ ప్రమాణం ఉంది: యాడ్‌లో కనీసం సగం పిక్సెళ్లు, కనీసం ఒక సెకను పాటు తెర మీద కనబడాలి. ప్రతి యాడ్‌కూ ఒక్కసారే చెల్లే ఐడీ ఇస్తే రెండుసార్లు లెక్కపెట్టడం కుదరదు. మన సొంత యాప్‌తో పోలిస్తే క్లిక్కులు మరీ తేడాగా ఉంటే ఆడిట్ చేసే హక్కూ రాసుకోండి. యాడ్ ఎంపిక మాత్రం మన సర్వర్‌లోనే జరగాలి, యూజర్ ఇష్టాయిష్టాల డేటా యాప్ చేతికి పోకూడదు.

యాడ్ వద్దనే యూజర్ ప్లాట్‌ఫామ్‌కే సబ్‌స్క్రిప్షన్ కడతాడు, తర్వాత ఏ యాప్‌లో చూసినా యాడ్ ఉండదు. చూపు లేనివారికోసం చేసిన లాభాపేక్ష లేని యాప్‌లకు మినహాయింపు ఇవ్వండి, రెడిట్ కూడా ఇచ్చింది.

అభ్యాసం: పై లెక్కలో యాప్ వాటా సగం అనుకోండి. యూజర్‌కు నెలకు 1 డాలర్ సర్వర్ ఖర్చయితే మనకు మిగులుతుందా? మిగలకపోతే వాటా తగ్గిస్తారా, కాల్స్‌కు పరిమితి పెడతారా? ఏది ఎంచుకున్నా, డెవలపర్‌కు ఎన్ని నెలల ముందు చెప్పాలో కలిపి మూడు వాక్యాల క్లాజ్ రాయండి.