దీపం, నీళ్లు, సూర్యుడు, తులసి: ఇంట్లోనే దైవాన్ని గమనించే పద్ధతి

దేవుడు అంతటా ఉన్నాడన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంటాం. అంతటా ఉన్నవాణ్ణి అంతటా వెతకబోతే చూపు ఎక్కడా నిలవదు. అందుకే పెద్దవాళ్లు ఇంట్లోనే కొన్ని చోట్లు ఏర్పాటు చేశారు. గడప ముందు ముగ్గు, దేవుడి దగ్గర దీపం, స్నానానికి ముందు నదుల పేర్లు, పొద్దున్నే అర్ఘ్యం, పెరట్లో తులసికోట. ఇవన్నీ చాలా ఇళ్లలో ఇప్పటికీ జరుగుతున్నాయి. చేతులు చేసుకుపోతున్నాయి, కళ్లు మాత్రం ఎటో ఉంటున్నాయి. ఆ కళ్లను చేతుల దగ్గరికి తెచ్చుకోవడమే ఇక్కడ చెప్పే సాధన అంతా.

కింద చెప్పినవాటిలో ఒక్కటే ఎంచుకోండి. ఒక మండలం, అంటే 41 రోజులు, అదే చోట, అదే వేళకు, పది నిమిషాలు కూర్చోండి. ఫోను వేరే గదిలో పెట్టేయండి. ఫొటో తీద్దామన్న ఆలోచన వచ్చిందంటే చూడడం అక్కడితో ఆగిపోయినట్టే. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజుకు ఒక్క వాక్యం రాయండి. అనిపించింది వద్దు, కనిపించింది రాయండి. ‘మనసు ప్రశాంతంగా ఉంది’ అని నలభై రోజులూ రాయొచ్చు, దానివల్ల ఏమీ తేలదు. ‘నిన్న ముడుచుకున్న ఆకు ఈ రోజు విచ్చుకుంది’ అని రాయాలంటే వంగి చూడక తప్పదు. మొదటి రోజే అయిదూ మొదలుపెట్టేవాళ్లు సాధారణంగా వారం తిరగకుండానే మానేస్తారు. మధ్యలో ఒక రోజు తప్పితే మర్నాడు కొనసాగించండి, దోషమేమీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే దీపంతో మొదలుపెట్టండి. కడిగిన కుందిని పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. తడి మిగిలితే దీపం చిటపటలాడుతుంది, నూనె చిందుతుంది. రెండు వత్తులు కలిపి ఒకటిగా నులమండి. ఒంటి వత్తి వేయకపోవడం మన ఆనవాయితీ. వత్తిని పూర్తిగా నువ్వుల నూనెలో తడిపి, కొస గోరంత మాత్రమే బయటికి ఉంచండి. కొస పొడుగైతే పొగా మసీ వస్తాయి. మరీ గట్టిగా నులిమితే నూనె పైకి ఎక్కక వత్తే కాలిపోతుంది. ఫ్యాను ఆపేయండి. కర్టెన్లకు, కొంగుకు దూరంగా పెట్టండి. దీపానికి మూరెడు దూరంలో కూర్చోండి.

ఇప్పుడు మంటను కింది నుంచి పైకి చూడండి. వత్తికి ఆనుకుని కొంచెం చీకటిగా ఉంటుంది. అది నూనె ఆవిరై లేస్తున్న చోటు. దాని అడుగు అంచున సన్నటి నీలం కనిపిస్తుంది. అక్కడ గాలి బాగా అందుతుంది. పైన పచ్చటి వెలుగు. ఇంకా పూర్తిగా కాలని సన్నని మసి రేణువులు ఆ వేడికి కాగి అలా వెలుగుతాయి. గిన్నెకు అంటితే మసి అని తోమి పారేసేది మంటలో ఉన్నంతసేపూ మనకు వెలుగిస్తోంది! ఈ ఒక్కటి కళ్లారా చూసినవాళ్లకు దీపారాధన మునుపటిలా ఉండదు.

ఆ తర్వాత మంట కదలికను చూడండి. మీరు ఊపిరి వదిలితే కొంచెం ఒరుగుతుంది. ఎవరో పక్క గదిలో తలుపు తీస్తే, ఆ గాలి మీ ఒంటికి తెలిసేలోపే మంటకు తెలుస్తుంది. పంచభూత లింగాల్లో వాయులింగం శ్రీకాళహస్తిలో ఉంది. అక్కడ గర్భగుడిలో దీపం రెపరెపలాడడాన్నే వాయువు రూపంలో స్వామి ఉన్నాడనడానికి గుర్తుగా భక్తులకు చూపిస్తారు. మీ ఇంట్లో దీపమూ అదే చూపిస్తుంది. చూడాల్సింది మీరే.

దీపం ఆరిపోయింది అనకుండా ‘కొండెక్కింది’ అంటాం కదా. అది భయపడాల్సిన సంగతి కాదు. నూనె అయిపోయినా, గాలి వీచినా దీపం కొండెక్కుతుంది. అపశకునమని బెంగపడి సాధన మానేయకండి. కారణం చూసుకుని మళ్లీ వెలిగించండి.

నీళ్ల దగ్గర సాధన ఇంతకన్నా చిన్నది. స్నానానికి బకెట్ నిండాక కుళాయి కట్టేయండి. నీటి మీద అలలు సద్దుమణిగే దాకా ఆగండి. అర నిమిషం చాలు. అప్పుడు ‘గంగేచ యమునే చైవ గోదావరి సరస్వతి’ అంటూ నదుల్ని పిలవండి. అయితే అంతకుముందు ఒక పని చేయండి. మీ కుళాయిలో వచ్చే నీళ్లు ఏ నదివో తెలుసుకోండి. హైదరాబాద్‌కు మంజీరాతో పాటు నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి వస్తాయి. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ల ఊరికి కూడా తెలుగుగంగ కాలువ మీదుగా కృష్ణ నీళ్లు చేరతాయి. 2027లో గోదావరి పుష్కరాలకు అంత దూరం వెళ్లలేమని బాధపడే హైదరాబాదీల ఇంటికి, ఆ ప్రాంతానికి గోదావరి నీరు అందుతుంటే, ఆ తల్లి రోజూ వస్తున్నట్టే. బోరు నీళ్లయితే అవి మీ ఊరి వాన నేలలోకి ఇంకినవి. ఊరి చెరువును తలచుకోండి.

అర్ఘ్యం ఇచ్చేవాళ్లు తూర్పుకు తిరిగి దోసిలితో మూడుసార్లు నీళ్లు విడుస్తారు. సూర్యుణ్ణి తేరిపార చూడకండి, ఎర్రగా ఉన్నప్పుడైనా సరే. ఎదురుగోడ మీదో, చెట్టు కొస మీదో పడే తొలి వెలుగును చూడండి. ఒకే చోట నిలబడి, నెలకోసారి సూర్యుడు ఏ మేడ వెనక నుంచి, ఏ చెట్టు పక్క నుంచి లేచాడో పుస్తకంలో గీసుకోండి. మన ప్రాంతంలో ఉదయించే చోటు తూర్పు నుంచి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు, దక్షిణానికి అంతే జరుగుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే ఈ కొస నుంచి ఆ కొసకు అయిదు పిడికిళ్లు. జూన్, డిసెంబరు నెలల్లో కదలిక దాదాపు తెలియదు. మార్చి, సెప్టెంబరుల్లో వారానికే తేడా కనిపిస్తుంది.

శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో తొలి కిరణాలు స్వామి పాదాలు తాకేది మార్చిలో కొద్ది రోజులు, అక్టోబరులో కొద్ది రోజులు. ఎందుకు రెండుసార్లు? ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగి వస్తూ ఇంకోసారి సూర్యుడు అదే చోట ఉదయిస్తాడు కాబట్టి. ఏడాది పొడవునా బాల్కనీలో గీసుకున్నవాళ్లకు ఆ గుడి కట్టినవాళ్లు ఎంత ఓపికగా ఆకాశాన్ని చూశారో అర్థమవుతుంది. ఆ ఓపిక కూడా భక్తే.

ముగ్గు గురించి ఒక్క మాట. ముగ్గురాయి పిండి చీమలకు పనికిరాదు. బియ్యప్పిండి వాడండి, కొంచెం బరకగా ఉంటే వేళ్ల మధ్య నుంచి ధారగా జారుతుంది. నేల తడిగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. వేశాక లోపలికి వెళ్లిపోకుండా కాసేపు అక్కడే కూర్చోండి. మొదటి చీమ వచ్చి, పలుకు పట్టుకుని, ఏ దారిన వెళ్తుందో చూడండి. మీరు పెట్టిన నైవేద్యం అందినట్టు కళ్లెదుట తెలిసే చోటు అది.

ఇక తులసి. దీనికి ఎక్కువ ఓపిక కావాలి, ఎక్కువ తప్పులూ ఇక్కడే జరుగుతాయి. కుండీ అడుగు వెడల్పు ఉండాలి, కింద రంధ్రం ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. రోజుకు అయిదారు గంటల ఎండ తగలాలి. వేలు మట్టిలోకి ఒక కణుపు దాకా దింపి చూడండి. పొడిగా ఉంటేనే నిండుగా పోయండి, తడి ఉంటే ఉద్ధరిణెతో ఒకటి రెండు చుక్కలు సమర్పించి ఊరుకోండి. ఇంట్లో నలుగురుంటే నలుగురూ తలో చెంబు పోస్తారు, పైగా పాలు, పసుపు, కుంకుమ మొక్క మొదట్లో వేస్తారు, అగరొత్తి మట్టిలో గుచ్చుతారు. వేరు కుళ్లి మొక్క పోతే ఇంటికి అరిష్టమని ఏడుస్తారు. పసుపు కుంకుమలు కోటకు పెట్టండి, దీపం గూట్లో పెట్టండి. మొక్కకు మంచినీళ్లు చాలు.

ప్రదక్షిణ అయ్యాక వంగి ఒక కొమ్మను చూడండి. ఆకులు జతలు జతలుగా వస్తాయి. ఒక జత తూర్పు పడమరలుగా ఉంటే, దాని పై జత ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. కింది ఆకుకు పై ఆకు నీడ పడకుండా ఆ ఏర్పాటు. లేత కాడను రెండు వేళ్ల మధ్య మెల్లగా తిప్పితే గుండ్రంగా తగలదు, నాలుగు పలకలు తెలుస్తాయి. ఆ వేళ్లను వాసన చూసుకోండి, ఆకు తుంచక్కర్లేదు. ద్వాదశినాడు, పొద్దుగూకాక దళాలు కోయరు. ఆ రోజు దాని ముందు కూర్చోవడమే పూజ.

పూల వెన్నులు ముదిరితే కొన్నిటిని గిల్లేయండి, చిగుర్లు బాగా వస్తాయి. అమెరికాలాంటి చలి దేశాల్లో ఉంటే రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగేలోపే కుండీని ఇంట్లోకి తెచ్చి ఎండ వచ్చే కిటికీ పక్కన పెట్టండి. ఎంత చూసుకున్నా రెండు మూడేళ్లకు కాండం కట్టెబారి, ఆకు చిన్నదై, మొక్క ఎండుతుంది. దాని ఆయుష్షు అంతే. అందుకే గోధుమరంగుకు తిరిగిన వెన్నులు నాలుగు ముందే కాగితం పొట్లంలో దాచండి. అరచేతిలో నలిపి ఊదితే ఆవగింజ కన్నా చిన్న గింజలు మిగులుతాయి. అదే కోటలో మట్టి గుల్ల చేసి, పైపైన చల్లి, చిటికెడు ఇసుక కప్పి, చేత్తో నీళ్లు చిలకరించండి. వారం పది రోజుల్లో మొదటి రెండాకులు ఎదురెదురుగా పైకి వస్తాయి.