గ్రాండ్ కేమన్‌లో ఓడ ఆగిన పూట స్టింగ్‌రేల దగ్గరికి ఇలా వెళ్ళండి

మయామి, టాంపా, గాల్వెస్టన్ నుంచి బయల్దేరే వెస్టర్న్ కరీబియన్ క్రూజ్‌లు చాలా గ్రాండ్ కేమన్ అనే దీవిలో ఒక పూట ఆగుతాయి. ఆ కొద్ది గంటల్లో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలని అడిగితే, నేను స్టింగ్‌రే సిటీ అనే చెప్తాను. మన తీరంలో దొరికే టేకు చేపల జాతివే స్టింగ్‌రేలు, తోకకి ముల్లుంటుంది, వాటిని నీళ్ళలో దిగి దగ్గరగా చూసే చోటు ఇది. ఒకప్పుడు జాలర్లు పగడపు దిబ్బ దాటి నార్త్ సౌండ్ అనే లోతు తక్కువ అఖాతంలోని నిలకడ నీళ్ళలోకి వచ్చి చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు అక్కడే పడేసేవాళ్ళు, వాటికోసం స్టింగ్‌రేలు చేరాయి, 1980ల్లో డైవర్లు చేత్తో మేత పెట్టడం మొదలుపెట్టారు. చుట్టూ వల లేదు, గోడ లేదు, అవి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు. మామూలుగా రాత్రిపూట తిండి వెతుక్కునే ఈ చేపలు ఇక్కడ మనుషుల మేత మరిగి పగలే తిరుగుతున్నాయి. అందుకే మనం కాస్త మర్యాదగా ఉండాలి.

టికెట్ కొనేముందు ఒక మాట. హెచ్1బి మీద ఉండి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయినవాళ్ళు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్ళేవాళ్ళు, తిరిగి అమెరికాలోకి రావడానికి ఏ కాగితాలు కావాలో క్రూజ్ కంపెనీని ముందే అడిగి తెలుసుకోండి. ఓడ ఎక్కే రోజు పోర్టులో ఆ టెన్షన్ పడొద్దు.

టూర్ ఓడవాళ్ళ దగ్గరే కొనాలా, బయట కొనాలా? బయట చవక, పడవలూ చిన్నవి, నాకు అవే ఇష్టం. కానీ ఓడవాళ్ళ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, బయటి టూర్ అయితే ఆగదు. పైగా ఓడలాగే ఊరు జార్జ్ టౌన్‌లో ఓడ ఒడ్డుకు ఆనుకునే రేవు లేదు, సముద్రంలోనే లంగరేసి టెండర్ అనే చిన్న పడవల్లో దించుతారు, కెరటాలు ఎక్కువగా ఉంటే అసలు దించకుండానే వెళ్ళిపోవచ్చు కూడా. అలా జరిగితే డబ్బు పూర్తిగా తిరిగిస్తామని రాసున్న టూర్ మాత్రమే తీసుకోండి. వీలైనంత పొద్దున్నే వెళ్ళే పడవ చూసుకోండి. నాలుగైదు ఓడలొచ్చిన రోజు పదకొండయ్యేసరికి స్టింగ్‌రేలు చేరే నీటికింది ఇసుక దిబ్బ మీద జాతరే, నీళ్ళు కలకబారి కింద ఏముందో కనబడదు.

ఇక టైం సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కేమన్‌లో వేసవికి గడియారం మార్చరు. మయామి నుంచి వేసవిలో వెళ్ళిన ఓడ మయామి టైమే పాటిస్తుంటే, ఒడ్డు మీద మీ ఫోన్ తనంతట తానే గంట వెనక్కి వెళ్తుంది. ఫోన్‌లో రెండున్నర చూసి ఇంకా చాలా టైం ఉందనుకుంటారు, ఓడలో అప్పటికే మూడున్నర. ఓడ టైం పెట్టిన మామూలు వాచీ ఒకటి చేతికి కట్టుకోండి.

పడవ దిగాక నీళ్ళు నడుం లోతే, ఈత రాని అమ్మలు కూడా నిచ్చెన పట్టుకుని నిదానంగా దిగొచ్చు. లెగ్గింగ్స్, ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ చాలు, చున్నీ వద్దు. చెప్పులు, ఫిన్స్ పడవలోనే వదిలెయ్యండి. అడుగు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో పాదాలు ఈడ్చుకుంటూ నడవండి, అలా చేస్తే కింద పడుకున్న స్టింగ్‌రే కదలిక తెలిసి పక్కకి జరుగుతుంది. పెద్దవన్నీ ఆడవి, మగవి సైజులో వాటిలో సగం కూడా ఉండవు. ముల్లు తోక మొదట్లో ఉంటుంది, కాబట్టి తోక వైపు చెయ్యి పెట్టొద్దు, వెనక నుంచి పట్టుకోవద్దు. చెయ్యి చాచి నీళ్ళలో కదలకుండా ఉంచండి, అదే వచ్చి కిందనుంచి రాసుకుంటూ పోతుంది. రెక్కల అంచు తడి మఖమల్‌లా జారుతుంది, వీపు మధ్య గీత మీద మాత్రం చిన్న చిన్న గరుకు ముళ్ళు తగులుతాయి. స్క్విడ్ ముక్క పెట్టాలంటే పిడికిట్లో పట్టుకుని బొటనవేలు లోపలికి మడవండి. నోరు దాని పొట్టవైపు ఉంటుంది, మేతని గట్టిగా పీల్చుకుంటుంది, వేలు దొరికితే నొక్కేస్తుంది.

ఫోటో కోసం దాన్ని నీళ్ళలోంచి పైకి ఎత్తడం అక్కడి చట్టం ప్రకారం తప్పు. ఎవరైనా ఎత్తి ఇస్తామన్నా వద్దనండి, మీ పిల్లలకీ అదే చెప్పండి. సన్‌స్క్రీన్ కూడా దిగేముందు చేతులకి పూసుకోవద్దు, చేపల ఒంటి మీది జిగురుపొరకి మంచిది కాదు, ఎండకి బట్టలతోనే కప్పుకోండి.

కుట్టడం అరుదు. ఒకవేళ కుడితే కంగారుపడకుండా పడవవాళ్ళకి చెప్పండి, తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ చోటు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టర్‌కి చూపించాల్సిందే. ఛాతీలోనో పొట్టలోనో ముల్లు దిగితే లాగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

టైం మిగిలితే సెవెన్ మైల్ బీచ్‌లో ఓ గంట కూర్చోవచ్చు. అమెరికన్ డాలర్లు అన్నిచోట్లా తీసుకుంటారు, కానీ మెనూలో ధర కేమన్ డాలర్లలో ఉందేమో చూడండి. షాపుల్లో మామూలుగా ఒక అమెరికన్ డాలర్‌ని 80 కేమన్ సెంట్ల లెక్కన తీసుకుంటారు, అంటే 20 అని రాసుంటే మీకు పడేది 25. పడవవాళ్ళకి టిప్ కోసం చిల్లర నోట్లు విడిగా ఉంచుకోండి. చివరి టెండర్ టైంకి కనీసం గంటన్నర ముందే జార్జ్ టౌన్ చేరండి, ఓడలు ఎక్కువున్న రోజు ఆ క్యూ ఎండలోనే ఉంటుంది, పిల్లలకి నీళ్ళ సీసా, పొడి బట్టలు, ఒక టోపీ చేతి సంచిలో పైనే పెట్టుకోండి.