మోటార్ కొనేముందు విమానాన్ని కాంటా ఎక్కించండి

మా నల్లగొండల మోడల్ విమానాలు చేసే పిల్లలు మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ మోటార్ కొనాలె?" నేను అడిగేది కూడా ఒకటే: "నీ విమానం బరువెంత, తమ్మీ?"

సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిలించే చిన్న మోటార్లు), రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునేది), చక్రాలు అన్నీ పెట్టి తూకం వెయ్యాలె. కిరాణం దుకాణంల ఉండే ఎలక్ట్రానిక్ కాంటా చాలు. ఇంకా కొనని వాటి బరువు వాటి వివరాలల్ల చూసి కలుపుకోండి. మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఒక్కటే దగ్గరదగ్గర 180 గ్రాములుంటది.

ఇగ వాట్ల లెక్క, అంటే విమానం బరువుల కిలోకు ఎంత పవర్ కావాలె అని. నేర్చుకునేటోళ్ల ట్రైనర్‌కు కిలోకు 110 నుంచి 150 వాట్లు. లూపులు, రోల్స్ కొట్టాలంటే 220. ముక్కు పైకెత్తి గాలిల నిలబడే 3డీకి 330 పైన. కరెంటు మోటార్ కాకుండ మెథనాల్‌తో నడిచే గ్లో ఇంజిన్ అయితే 6.5 సీసీది రెండున్నర కిలోల ట్రైనర్‌కు సరిపోతది.

900 గ్రాముల ట్రైనర్ అనుకుందాం. 100 నుంచి 135 వాట్లు కావాలె. లోడు మీద బ్యాటరీ 11 వోల్టులిస్తే 9 నుంచి 12 ఆంపియర్లు. 2212 సైజు 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) మోటార్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నడిపే కంట్రోలర్) హాయిగ మోస్తయి. అయినా డబ్బా మీది అంకెను నమ్మకండి. బ్యాటరీకి, ఈఎస్‌సీకి నడుమ వాట్‌మీటర్ పెట్టి, విమానాన్ని గట్టిగ కట్టి, వెనక నిలబడి, కొన్ని సెకన్లు ఫుల్ థ్రాటిల్ ఇయ్యండి. ప్రొపెల్లర్‌కు పక్కన అసలే నిలబడొద్దు. ఆంపియర్లు మోటార్ హద్దు దాటితే ఒక అంగుళం చిన్న ప్రొపెల్లర్ వెయ్యండి. వ్యాసం కొంచెం తగ్గినా కరెంటు బాగ తగ్గుతది.

వాట్లు సరిపోయినా ప్రొపెల్లర్ లాగుడు (థ్రస్ట్) చాలకపోవచ్చు. తోకకు లగేజీ కాంటా తగిలించి చూడండి. ట్రైనర్‌కు బరువుల సగం లాగితే ఎగురుతది. వరి కోసిన మడిల చక్రాల మీద లేవాలంటే ఇంకా ఎక్కువ కావాలె, నేనైతే 70 శాతం చూస్త.

మన ఎండలు కూడా లెక్కల పెట్టండి. జనవరి పొద్దున 16 డిగ్రీలున్న గాలి కంటే మే నెల 43 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలుచన. లాగుడూ తగ్గుతది, రెక్క లేపుడూ తగ్గుతది. అందుకే ఎండాకాలం పొద్దుగాల ఆరింటికే ఎగిరేస్తం.

శక్తి చాలకుంటే వెంటనే పెద్ద మోటార్‌కు ఉరకకండి. దానికి పెద్ద ఈఎస్‌సీ, పెద్ద బ్యాటరీ కావాలె, బరువెక్కి దిగేటప్పుడు వేగం పెరుగుతది. ముందు తోక దిక్కు బరువు తీయండి. అక్కడ ఒక గ్రాము తగ్గితే బ్యాలెన్స్ కోసం ముక్కుల పెట్టే సీసం అంతకంటే ఎక్కువ తగ్గుతది. తర్వాత రెక్క వెడల్పుల ముందు నుంచి 25, 30 శాతం నడుమ బ్యాలెన్స్ చూసి, మళ్ల కాంటా ఎక్కించండి.