రాజులు, ప్రవక్తలు – సొంతంగా చదువుకుందాం: 4వ పాఠం – తిరిగి చెప్పినప్పుడు జారిపోయిన మాట

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. పోయిన పాఠంలో ఒక కథలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో గుర్తించడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఇంకొంచెం ఓపిక కావాలి. ఒకరు అన్న మాటను ఇంకొకరు తిరిగి చెప్పినప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి రాజులు 21వ అధ్యాయం తెరవండి. నోటుబుక్కు, పెన్సిలు దగ్గర పెట్టుకుని అధ్యాయమంతా ఒకసారి పైకి చదవండి. కంటికి దొరకని తేడా చాలాసార్లు చెవికి దొరుకుతుంది.

నాబోతు ద్రాక్షతోట కథ మనం సండే స్కూల్ నుంచి వింటున్నదే. అందుకే జాగ్రత్త. తెలిసిన కథ అనగానే కళ్లు పేజీ మీద ఉన్నా, మనసు పాత జ్ఞాపకంలోంచే చదివేస్తుంది.

యెజ్రెయేలు ఊళ్లో ఇశ్రాయేలు రాజు ఆహాబు నగరు (రాజభవనం) పక్కనే ఆ తోట ఉంది. కూరతోట వేసుకోవడానికి రాజు దాన్ని అడిగాడు. బదులుగా ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే వెల ఇస్తానన్నాడు. బేరం న్యాయంగానే కనబడుతుంది. ఇప్పుడు 3వ వచనంలో నాబోతు చెప్పిన జవాబును నోటుబుక్కులో ఉన్నదున్నట్టు రాసుకోండి. "పిత్రార్జితం" అనే మాట కింద గీత గీయండి. హెబ్రీ మూలంలో నాబోతు ఈ జవాబును యెహోవా పేరెత్తి చెప్పాడు. మీ బైబిలులో ఆ పేరు కనిపించకపోతే పక్కన పెన్సిలుతో రాసుకోండి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. లేవీయకాండము 25:23 చూడండి. భూమి నాది, దాన్ని శాశ్వతంగా అమ్మకూడదు అని దేవుడు అక్కడ చెప్పాడు. సంఖ్యాకాండము 36:7లో ఇశ్రాయేలీయుల స్వాస్థ్యం ఒక గోత్రం నుంచి ఇంకో గోత్రానికి పోకూడదని ఉంది. ఈ రెండూ చదివాక నాబోతును మొండివాడు అనలేం. ఆ నేల తన చేతిలో ఉన్నా అసలు యజమాని దేవుడని అతనికి తెలుసు. పిత్రార్జితం అన్న మాట బరువు మన తెలుగువాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు 4వ వచనం. ఆహాబు మూతి ముడుచుకుని ఇంటికొచ్చి, మంచమెక్కి, ముఖం తిప్పుకుని, అన్నం మానేశాడు. కారణం చెబుతూ గ్రంథకర్త నాబోతు మాటను మళ్లీ రాశాడు. అందులో పిత్రార్జితం ఉంది. రాజు చెవిలో ఆ మాట పడిందన్నమాట. తర్వాత 6వ వచనంలో ఆహాబు తన భార్య యెజెబెలుకు చెప్పింది చదివి, నోటుబుక్కులో నాబోతు జవాబు కిందే రాయండి. అక్కడ నాబోతు అన్నది "నా ద్రాక్షతోట నీకివ్వను" అని మాత్రమే. దేవుని పేరు పోయింది, పితరులు పోయారు. మిగిలింది రాజుకు ఎదురుచెప్పిన ఒక పొగరుబోతు. ఆహాబు అబద్ధమాడాడని వేలెత్తి చూపించలేం, కానీ సగం చెప్పాడు. ఈ కథలో హత్యకు దారి ఇక్కడే తెరుచుకుందని నా నమ్మకం.

యెజెబెలు రాజు ముద్ర వేసి పంపిన తాకీదులు, ఉపవాసదినం, నాబోతు మీద ఇద్దరు దొంగసాక్షులు, రాళ్లు – ఇవన్నీ మీకు తెలుసు. 14వ వచనానికి వెళ్దాం. ఊరి పెద్దలు యెజెబెలుకు పంపిన కబురు: నాబోతు రాళ్లతో కొట్టబడి చనిపోయాడు. 15లో యెజెబెలు అదే సంగతి ఆహాబుకు చెప్పింది. ఏం పోయిందో మీరే వెతకండి. రాళ్లు పోయాయి. నాబోతు బతికి లేడు, చనిపోయాడు, అంతే. ఎలా అని ఆహాబు అడగలేదు. లేచి తోటకు బయలుదేరాడు.

అప్పుడు ప్రవక్త ఏలీయా వచ్చాడు. 19వ వచనంలో దేవుడు అతని నోట పెట్టిన ప్రశ్న: నువ్వు చంపి స్వాధీనం కూడా చేసుకున్నావా? ఆ "చంపి" అన్నచోట హెబ్రీలో ఉన్నది నిర్గమకాండము 20:13లో "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞలోని క్రియే. యెజెబెలు మింగేసిన మాటను ప్రవక్త అసలు పేరుతో బయటపెట్టాడు. 18వ వచనం కూడా వదలకండి. నాబోతు చనిపోయాడు, రాజు తోటలో నిలబడి ఉన్నాడు. అయినా దేవుడు అది నాబోతు ద్రాక్షతోట అనే అన్నాడు.

ఆహాబు గోనెపట్ట కట్టుకోవడం, దేవుడు కీడును అతని కొడుకు కాలానికి వాయిదా వేయడం మీరు చదువుకోండి. నేను మాత్రం రెండో రాజులు 9:21కి వెళ్తాను. అప్పటికి ఆహాబు పోయాడు. అతని కొడుకులు అహజ్యా 2 ఏళ్లు, యెహోరాము 12 ఏళ్లు ఏలారు. ఆ నేల అప్పటికీ యెజ్రెయేలీయుడైన నాబోతుదే అని రాసి ఉంది. 26వ వచనంలో, యెహోరాము మీద తిరగబడిన సేనాధిపతి యెహూ ఇంకో సంగతి చెప్పాడు: నాబోతు రక్తంతో పాటు అతని కుమారుల రక్తం. మొదటి రాజులు 21లో కుమారుల ప్రస్తావనే లేదు. ఆ పిత్రార్జితం అడగడానికి వారసులు ఎందుకు రాలేదో నాకు ఇక్కడ అర్థమైంది. ఈ వచనం మొదటిసారి పట్టుకున్న రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా సంఘంలో ఒక సహోదరుడు ఒక పని చేయలేనన్నాడు, కన్నీళ్లతో కారణం కూడా చెప్పాడు. నేను పెద్దల దగ్గరికి వెళ్లి "ఆయన ఒప్పుకోలేదండీ" అని మాత్రమే చెప్పాను. కారణం చెప్పలేదు. ఆయన మీద అందరికీ కోపం వచ్చింది. ఆహాబు మాట పక్కన నా మాట రాసి చూసుకున్నాక, ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను.

ఇక మీ అభ్యాసం. మొదటి సమూయేలు 15వ అధ్యాయం తీసుకోండి. 3వ వచనంలో రాజైన సౌలుకు ప్రవక్త సమూయేలు ద్వారా వచ్చిన ఆజ్ఞను ఒక వరుసలో రాయండి. మంచి పశువులను ఎవరు మిగిల్చారో 9వ వచనంలో గ్రంథకర్త ఏమన్నాడో దాని కింద రాయండి. ఆ కిందే 15, 20, 21 వచనాల్లో సౌలు సమూయేలుకు చెప్పుకున్నవి రాయండి. ఎవరి పేరు జారిపోయిందో, ఎవరి పేరు ముందుకొచ్చిందో చూడండి. 15లో "నీ దేవుడైన యెహోవా" అని సౌలు ఎందుకన్నాడో మీకు తోచింది రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.