మస్కీ వేట నేర్చుకుందాం – 3వ పాఠం: తక్కువ ఖర్చులో గట్టి రీలు

మస్కీ అంటే ఉత్తర అమెరికా సరస్సుల్లో ఉండే, పదునైన పళ్లున్న పెద్ద చేప. దాన్ని పట్టే గాలం కర్ర సంగతి పోయిన పాఠంలో తేల్చేశాం. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది అడుగుల పొడవు, హెవీ రకం, కనీసం 6 ఔన్సుల ఎరను మోయగలిగేది. ఇప్పుడు దాని మీద బిగించే రీలు, అంటే లైను (గాలం దారం) చుట్టుకునే యంత్రం. ఈ పాఠం కోసమే చాలామంది ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు, ఎందుకంటే షాపులో మస్కీ రీళ్ల అద్దాల పెట్టె ముందు నిలబడి 300, 400 డాలర్ల ధరలు చూసేసరికి ఎవరికైనా కాళ్లు వెనక్కి పడతాయి. అంత పెట్టక్కర్లేదు. నూటపాతిక నుంచి నూటయాభై డాలర్లలో కొత్తది, లేదా ఓ 70, 80 డాలర్లలో మంచి పాతది దొరికితే మొదటి మూడు నాలుగు సీజన్లకు సరిపోతుంది. కాకపోతే ఆ డబ్బు రీలులో ఏ భాగానికి పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

చేప పెద్దది కాబట్టి చేప లాగినప్పుడే రీలు పాడవుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు రీలును అరగదీసేది ఎర. లెక్క వేసి చూడండి: రోజంతా పడవలో ఉంటే 400 సార్లు విసరడం మామూలే. ఒక్కో విసురుకు ఎర పాతిక మీటర్ల దూరం పడితే, దాన్ని వెనక్కి చుట్టడానికి హ్యాండిల్ సుమారు 40 చుట్లు తిరగాలి. అంటే ఒక్క రోజులో 16,000 చుట్లు. అదీ వట్టి లైను కాదు, 10వ నంబరు రేకులు రెండు గుండ్రంగా తిరుగుతూ నీళ్లను కోసుకుంటూ వచ్చే బక్‌టెయిల్ అనే వెంట్రుకల తోక ఎర చివర ఉంటుంది, నిండు బకెట్టును బావిలోంచి తోడుతున్నంత బరువుగా వస్తుంది. బాస్ చేపల కోసం తయారైన చిన్న రీలు అర ఔన్సు ఎరలకు చేసింది. దానికి 3, 4 ఔన్సుల ఎర కట్టి జూన్‌లో మొదలుపెడితే ఆగస్టుకల్లా లోపలి పళ్ల చక్రాలు గరగరలాడతాయి.

నా మొదటి రీలుకు జరిగింది అదే. చిన్న సైజు, తళతళలాడే రంగు, పెట్టె మీద బేరింగుల లెక్క పెద్ద అక్షరాల్లో ఉంది, చవగ్గా వస్తోందని కొన్నాను. ఆగస్టులో మిన్నెసోటాలోని లేక్ వర్మిలియన్ అనే సరస్సుకి వెళ్లాం, ఇండియా నుంచి వచ్చిన మా మామగారు కూడా పడవలో ఉన్నారు. ఆయన కోనసీమ కాలువల్లో గాలాలు వేసి పెరిగిన మనిషి, కొరమీను ఎక్కడ నక్కి ఉంటుందో నీటి రంగు చూసి చెప్పేస్తారు. మధ్యాహ్నం నుంచే "అల్లుడుగారూ, ఆ పిడి మధ్యమధ్యలో వెనక్కి జారుతోంది, చూసుకున్నారా?" అని అడుగుతూనే ఉన్నారు. చూసుకోలేదు. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో పడవ పక్కన ఎనిమిది అంకె తిప్పుతుంటే (మొదటి పాఠంలో చెప్పుకున్నదే, కర్ర మొన నీళ్లలో ముంచి ఎరను ఎనిమిది ఆకారంలో తిప్పడం) కింద నుంచి ఓ గోధుమరంగు నీడ లేచి ఎరను అందుకుంది. నేను కర్ర ఎత్తి లాగాను. హ్యాండిల్ సర్రున వెనక్కి తిరిగి వేలి కణుపుల మీద కొట్టింది, లైను వదులైంది, చేప తల ఒక్కసారి విదిలించి వెళ్లిపోయింది. అంతా రెండు సెకన్లు. ఆ నీడ ఎంత వెడల్పుందో ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

అప్పుడు పనిచేయనిది యాంటీ రివర్స్, అంటే హ్యాండిల్‌ను ముందుకే తప్ప వెనక్కి తిరగనివ్వని ఏర్పాటు. ఇప్పటి రీళ్లలో ఎక్కువగా ఇది ఒకే దిశలో తిరిగే రోలర్ బేరింగు మీద నడుస్తుంది. ఆ రోలర్లు సన్నటి పుల్లల్లా ఉంటాయి, వెనక్కి బలం పడగానే ఇరుసును బిగబట్టాలి. రీలు చిన్నదైతే ఆ బేరింగూ చిన్నదే, మస్కీ దెబ్బ దాని తాహతుకు మించిపోతుంది. ఇంకో సంగతి, అందులో చిక్కటి గ్రీజు పడితే మంచి రీలు కూడా జారుతుంది, అక్టోబర్, నవంబర్ చలికి గ్రీజు గడ్డకడితే మరీను. శుభ్రం చేసినప్పుడు ఆ ఒక్కచోట పల్చటి నూనె ఒక చుక్క, అంతే.

కాబట్టి మొదట చూడాల్సింది సైజు. రీళ్లు రెండు ఆకారాల్లో వస్తాయి. ఒకటి గుండ్రటిది, పాతకాలం డబ్బాలా ఉంటుంది, బరువు, కానీ మొండిది. రెండోది లో ప్రొఫైల్, అంటే చదునుగా అరచేతిలో ఇమిడేది, రోజంతా పట్టుకున్నా మణికట్టు నొప్పి తక్కువ. చదునుదాంట్లో 300 సైజు కంటే తగ్గొద్దు. పెద్ద రబ్బరు ఎరలు విసరాలని ఉంటే 400. ఈ అంకెలు కంపెనీని బట్టి కాస్త మారతాయి, ఒకరి 300 ఇంకొకరి 300 అంత ఉండకపోవచ్చు, అందుకని చేత్తో పట్టుకుని చూడకుండా కొనకండి. గుండ్రటివాటిలో ఆబు గార్సియా అంబాసడర్ 6500 సైజు అయితే మస్కీకి సరిగ్గా సరిపోతుంది.

ఎంత లైను పడుతుందనే దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. మస్కీ సముద్రపు చేపలా రెండు వందల గజాలు పరిగెత్తదు, పోరాటమంతా పడవ చుట్టూనే. 80 పౌండ్ల లాగుడును తట్టుకునే అల్లిక లైను 100 గజాలు పడితే చాలు. దాని కింద కొన్ని గజాలు మామూలు నైలాన్ లైను చుట్టండి. అల్లిక లైనును నేరుగా చుడితే స్పూలు (రీలులో లైను చుట్టుకునే చక్రం) మీద చుట్టంతా ఒక్క ముద్దగా జారుతుంది, డ్రాగ్ (కింద చెప్తాను) పాడైందని కొత్తవాళ్లు కంగారు పడేది చాలాసార్లు ఇందుకే.

ఇక గేరు నిష్పత్తి. దుకాణంలో అందరూ దీని గురించే మాట్లాడతారు, అర్థమైతే చాలా తేలిక. 5.3:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే స్పూలు 5.3 చుట్లు తిరుగుతుంది. లైను నిండిన స్పూలు అడ్డుకొలత 4 సెంటీమీటర్లు అనుకోండి, దాని చుట్టుకొలత 12.6 సెంటీమీటర్లు, ఇంటూ 5.3 అంటే ఒక్క చుట్టుకు 67 సెంటీమీటర్ల లైను లోపలికొస్తుంది, అంటే సుమారు 26 అంగుళాలు. అదే 7.1:1 అయితే 89 సెంటీమీటర్లు, 35 అంగుళాలు. ఎక్కువ వస్తే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ సైకిల్ గేరు లాంటిదే ఇదీ, వేగం పెరిగితే తొక్కడం బరువు. పెద్ద రేకుల ఎరను 7.1తో లాగి చూడండి, గంటకల్లా ముంజేయి పట్టేస్తుంది. మొదటి రీలుకు 5.3 నుంచి 6.3 మధ్యలో ఉన్నది తీసుకోండి. నీటి పైన నడిచే ఎరలకు కాస్త వేగం కావాలనుకుంటే హ్యాండిల్ చురుగ్గా తిప్పితే సరిపోతుంది. నెమ్మది రీలును వేగంగా తిప్పడం మన చేతిలో పని. వేగం రీలుకు బరువైన ఎర కట్టినప్పుడు మాత్రం భారమంతా చేతుల మీదా పళ్ల చక్రాల మీదా పడుతుంది.

నా దృష్టిలో ధర పెట్టాల్సిన చోటు హ్యాండిల్. పొడవైన ఒకే చేయి హ్యాండిల్, లేదా రెండు వైపులా పెద్ద గుండ్లున్న హ్యాండిల్, పిడికిలి నిండా దొరకాలి. వేళ్ల కొసలతో పట్టుకునే చిన్న పిడి ఉన్న రీలు ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. కొన్నింటికి హ్యాండిల్ విడిగా కొని మార్చుకోవచ్చు, ఆ ఖర్చు కూడా ముందే కలిపి చూసుకోండి.

బేరింగులు 10 ఉన్నాయా 5 ఉన్నాయా అన్నది పట్టించుకోకండి. నా పాత 6500లో ఉన్నవి చాలా తక్కువ, దానికీ ఏ లోటూ లేదు.

డ్రాగ్ గురించి మాత్రం కాస్త నిదానంగా వినండి. చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా కొంచెం కొంచెం వదిలేదే డ్రాగ్. పెట్టె మీద 25 పౌండ్లు, 30 పౌండ్లు అని ఉంటుంది. మనకు నిజంగా వాడకంలోకి వచ్చేది 15 నుంచి 20 పౌండ్లు, అది ఒకే తీరుగా, కుదుపుల్లేకుండా రావడం ముఖ్యం. దీన్ని కొలవడానికి మన ఇళ్లలో పనిముట్టు ఉండనే ఉంది, ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే చేతి తూకం. లైను చివర ఉచ్చు వేసి తూకం కొక్కేనికి తగిలించి, ఒకరు కర్ర పట్టుకుంటే ఇంకొకరు తూకాన్ని లాగాలి. అంకె 16, 17 పౌండ్ల దగ్గర నిలిచి లైను మెల్లగా వస్తుంటే బాగున్నట్టు. 10 దగ్గర ఆగి, ఒక్కసారి 20కి ఎగిరి, మళ్లీ 12కి పడుతుంటే లోపలి వాషర్లు అరిగాయని అర్థం. మస్కీ తల విదిల్చినప్పుడు ఆ కుదుపుకే గాలం ఊడిపోతుంది.

అలాగని మరీ సుతారంగా ఆడించడం కూడా తగదు. మిన్నెసోటాలో 54 అంగుళాల లోపు మస్కీని ఉంచుకోవడానికి లేదు, అంతకు మించిందైనా మాలో చాలామంది కొలిచి, ఒక ఫొటో తీసి నీళ్లలోకి వదిలేస్తాం. చేప అలిసి సొమ్మసిల్లే లోపే వల దగ్గరకు తేవాలి. గట్టి రీలు కావాలనడానికి నాకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. పదేళ్లు, పదిహేనేళ్లు బతికిన చేప మన చవక రీలు వల్ల నీరసించి చచ్చిపోకూడదు.

పేర్లు చెప్పమని అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. కొత్తవాటిలో పిసిఫన్ అలిజోజ్ 300 తక్కువ ధరలో మస్కీ వాళ్లు బాగా వాడుతున్నది. కాస్త పైకి వెళ్తే డైవా లెక్సా 300, ఒకుమా కొమోడో. షిమానో ట్రాంక్స్ 400 చాలా బాగుంటుంది, నేనూ ఇప్పుడు వాడతాను, కానీ మొదటి ఏడు అవసరం లేదు, ఆ తేడా డబ్బుతో పెద్ద వల, పొడవాటి పటకారు, గాలపు ముళ్లు కత్తిరించే కట్టరు వస్తాయి. అవి లేకుండా మస్కీకి వెళ్లనే వెళ్లొద్దు.

పాతది కొనడానికి వెనకాడకపోతే అంబాసడర్ 6500 వెతకండి. దాన్ని చేసే ఆబు గార్సియా కంపెనీ 1921లో స్వీడన్‌లోని స్వాంగ్‌స్టా అనే ఊళ్లో గడియారాలతో మొదలైంది, టాక్సీ మీటర్లు కూడా చేసింది, రీళ్లు ఆ తర్వాత. విప్పి చూస్తే గడియారాల వాళ్ల పనితనం తెలుస్తుంది, కొన్ని మరలు తీస్తే లోపలిదంతా కనిపిస్తుంది, విడి భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. నాది ఓ పెద్దాయన దగ్గర కిరాణా దుకాణం పార్కింగులో 70 డాలర్లకు కొన్నాను. ఇచ్చేముందు ఆయనే నా చేతిలో పెట్టి, చూసుకోమన్నారు. నేను చూసిన వరస ఇది, మీరూ ఇలాగే చూడండి.

ముందు బొటనవేలితో స్పూలును గట్టిగా నొక్కిపట్టి హ్యాండిల్‌ను వెనక్కి కుదపండి, ఒకటికి పదిసార్లు. పాత మోడళ్లలో వెంట్రుక వాసి ఆడుతుంది, తర్వాత టక్కున ఆగాలి. ఒక్కసారి జారినా వద్దు. తర్వాత హ్యాండిల్‌ను చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పండి. గ్రీజు ఎండి బరువుగా తిరిగితే పర్వాలేదు, కడిగితే పోతుంది. చుట్టుకోసారి ఒకేచోట టక్ టక్ అంటే పన్ను విరిగినట్టు. లైనును అటూ ఇటూ పరిచే గైడు రెండు అంచుల దగ్గరా తడబడకుండా మళ్లుతోందా చూడండి, తడబడితే లోపల చిన్న ముల్లు అరిగింది, అది కొన్ని డాలర్ల భాగం, ధర తగ్గించమని అడగొచ్చు. చివరికి హ్యాండిల్‌ను పైకీ కిందకీ ఊపండి. ఇరుసు ఊగిసలాడితే మర్యాదగా తిరిగి ఇచ్చేయండి.

ఈ వారం సాధన ఇంటి వెనక పెరట్లోనే. ముళ్లు తీసేసిన 3 ఔన్సుల ఎర కట్టండి. కర్రను అడ్డంగా పట్టుకుని, హ్యాండిల్ పక్కనున్న చిన్న మరను బిగిస్తూ వదులుతూ, బటన్ నొక్కగానే ఎర మెల్లగా దిగి నేల తాకిన క్షణంలోనే స్పూలు ఆగేలా సరిచేయండి. స్పూలు మరీ జోరుగా తిరగకుండా ఆపే బ్రేకులు సగం కంటే ఎక్కువలో పెట్టుకోండి. ఇప్పుడు పదిహేను మీటర్లకు మించకుండా విసరండి, ఎర నేల తాకే ముందు బొటనవేలు స్పూలు మీద ఆనాలి. మొదటి రోజు లైను చిక్కుబడుతుంది, ఓపిగ్గా విప్పండి, లాగితే లోపలికి బిగుసుకుంటుంది. రోజుకు 50 విసుర్లు, ఐదు రోజులు. ఆరో రోజుకు స్పూలు తిరుగుతున్న చప్పుడు వింటూనే బొటనవేలు తనంతట తను దిగుతుంటే ఒక్కో గుర్తు బ్రేకు తగ్గించుకుంటూ పోండి.

వచ్చే పాఠంలో లీడర్, అంటే ఎరకు ముందుండే, చేప పళ్లకు సులువుగా తెగని దారం ముక్క, కడదాం. 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం ఒక చుట్ట, క్రింపులు (దారాన్ని నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టాలు) తెచ్చిపెట్టుకోండి, మస్కీ పళ్లకు 80 పౌండ్ల అల్లిక లైను ఒక్క తాకుడుకే తెగిపోతుంది.