సంక్రాంతికి రాత్రిపూట కారులో ఊరెళ్తున్నారా? ముందు నిద్ర సంగతి చూసుకోండి

భోగికి రెండు మూడు రోజుల ముందు నుంచే హైదరాబాద్–విజయవాడ రహదారి మీద బండ్లు బారులు తీరతాయి. పంతంగి టోల్‌ప్లాజా దాటడానికే గంటలు పడుతుంది. ఆ రద్దీ తప్పించుకుందామని చాలామంది ఆఫీసు నుంచి వచ్చి, సామాన్లు సర్దుకుని, రాత్రి పదకొండు దాటాక బయల్దేరతారు. పొద్దున ఆరింటికి లేచిన మనిషి సూర్యాపేట చేరేసరికి ఇరవై గంటలుగా మేలుకునే ఉంటాడు. పైగా రాత్రి రెండు నుంచి తెల్లవారుజాము ఆరు వరకు ఒళ్లు గట్టిగా నిద్ర కోరుకునే సమయం. ఎంత చెయ్యి తిరిగిన డ్రైవరుకైనా ఇది తప్పదు.

వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కునుకు పడితే వంద మీటర్ల పైన బండి దానంతటదే పోయినట్టే.

‘మా కారులో అలర్ట్ వస్తుందిలే’ అనే ధీమా ఈమధ్య తరచూ వింటున్నాను. కొన్ని కార్లు స్టీరింగ్ తిప్పే తీరును బట్టి మగతను అంచనా వేస్తాయి, కొన్నిట్లో కెమెరా డ్రైవరు కనురెప్పలను గమనిస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ మగత హెచ్చరిక తప్పనిసరి. మన కేంద్ర రవాణా శాఖ కూడా బస్సులకు, లారీలకు దీన్ని తప్పనిసరి చేయాలని 2025లో ముసాయిదా తెచ్చింది. రావాల్సిన మార్పే. కానీ ఆ బీప్ మోగేది మగత కమ్మాకే. మోగిందంటే మీరు ఆగాల్సిన చోటు దాటి వచ్చేశారన్నమాట. దాన్ని ఆపేసి ‘ఇంకో యాభై కిలోమీటర్లేగా’ అనుకోవద్దు.

వీలైతే రాత్రి హాయిగా పడుకుని పొద్దున ఆరు దాటాక బయల్దేరండి. పొగమంచు ఉంటే వేగం తగ్గించి లోబీమ్ వేసుకోండి. రాత్రే వెళ్లక తప్పదంటే సాయంత్రం కాసేపైనా పడుకోండి, బండి నడపగల రెండో మనిషిని తోడు పెట్టుకోండి. కళ్లు మూతలు పడుతుంటే అద్దాలు దించినా, పాటల సౌండ్ పెంచినా నిద్ర ఆగదు. వెలుతురున్న దాబాలోనో పెట్రోలు బంకులోనో ఆపి, కాఫీ తాగి, వెంటనే పావుగంట, ఇరవై నిమిషాలు కునుకు తీయండి. లేచేసరికి కాఫీ పనిచేయడం మొదలవుతుంది. రోడ్డు పక్కన మాత్రం ఆపొద్దు. వెనక వచ్చే లారీ డ్రైవరుకూ అదే నిద్రమత్తు ఉండొచ్చు.

ముందు సీట్లో కూర్చున్నవాళ్లు పడుకోకూడదు. వరసగా ఆవులింతలు, బండి తెల్లగీత మీదికి జరగడం, కారణం లేకుండా వేగం తగ్గుతూ పెరుగుతూ ఉండటం కనిపిస్తే ఆపించండి. ‘బావగారు ఏమనుకుంటారో’ అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. కిరాయి కారైతే డ్రైవరును ఎప్పుడు పడుకున్నాడో అడగండి, అంతకుముందే ఇంకో ట్రిప్పు వేసి వచ్చి ఉండొచ్చు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే అయిదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది.

తిరుగు ప్రయాణం నాకు ఇంకా భయం. పండగ అలుపు, సరిపోని నిద్ర, పొద్దున్నే ఆఫీసు. ఒక పూట సెలవు పెట్టుకుని పగలు రండి.

వెనక సీటువాళ్లూ బెల్టు పెట్టుకోవాలి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. ఊళ్లో మైనరు పిల్లలు బైకు తాళాలు అడుగుతారు, ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

ప్రమాదం కనిపిస్తే 108కి, జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా ఫోన్ చేయండి. 2025లో వచ్చిన పథకం కింద క్షతగాత్రులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్స ఉంది. ఆసుపత్రికి చేర్చినవాళ్లు తమ పేరు చెప్పాలని పోలీసులు బలవంతం చేయకూడదు.